జనపనార పురితో తరంగాన్ని తిప్పిన బోసుగారి గురించి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ పోటీ పరీక్షల పేజీలో 'వైర్‌లెస్‌ను కనిపెట్టినది ఎవరు?' అన్న ప్రశ్నకు 'మార్కోని' అని ఒక్క ముక్కలో జవాబు వేశారు. ఆ సాయంత్రమే మా వీధి వాట్సాప్ గ్రూపులోకి ఇంకొకటి వచ్చింది. జగదీశ్ చంద్ర బోసు కనిపెట్టిన రేడియోను మార్కోని దొంగిలించి నోబెల్ కొట్టేశాడట. ఈ రెండూ చదివిన పిల్లలకు అసలు జరిగింది చెప్పేవాళ్లు కనబడక ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదే అయింది. మీరు కుదించి వేసుకున్నా సరే, బోసుగారు చేసిన ప్రయోగాల భాగం మాత్రం తీసేయవద్దని మనవి.

నేను పోలీసు కమ్యూనికేషన్స్‌లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేరి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేసి రిటైరయ్యాను. మాది నెల్లిమర్ల. మా నాన్న జూట్ మిల్లులో స్పిన్నింగ్ సెక్షన్ కార్మికుడు. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, "తీగ నేకుండా మాటెలగెల్తాదిరా?" అని. ఆ ప్రశ్నకు జవాబులో సగం ఆయన చేతిలో పురి తిరిగే జనపనారలోనే ఉందని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

బోసుగారు 1858 నవంబరు 30న, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న మైమెన్‌సింగ్‌లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర డిప్యూటీ మేజిస్ట్రేటు. అంత హోదా ఉండి కూడా కొడుకును ముందు ఇంగ్లీషు బడిలో వేయలేదు, బెంగాలీ బడిలో వేశారు. ఒక పక్కన తండ్రి దగ్గర పనిచేసే బంట్రోతు కొడుకు, ఇంకో పక్కన జాలరి కొడుకు కూర్చునేవారని, పక్షులూ నీటి జీవాల కబుర్లు వాళ్ల దగ్గరే విన్నానని, ప్రకృతిని పరిశీలించే ఆసక్తి అక్కడే పుట్టిందని బోసుగారు పెద్దయ్యాక స్వయంగా చెప్పుకున్నారు. మన కళింగపట్నం, భావనపాడు, ముక్కాం బడుల్లో చదివే జాలరి పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు, ఆ పేరు వాళ్ల మనసులో నిలబడిపోతుంది.

తర్వాత కలకత్తా సెయింట్ జేవియర్స్‌లో ఫాదర్ లాఫాన్ దగ్గర, కేంబ్రిడ్జిలో లార్డ్ రేలీ దగ్గర భౌతికశాస్త్రం చదివారు. 1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం ఇచ్చారు. అక్కడ భారతీయుడికి జీతం తెల్లవాడి జీతంలో మూడింట రెండొంతులే. పైగా తాత్కాలికం అని చెప్పి అందులోనూ కోత పెట్టారు. బోసుగారు రోజూ వెళ్లి పాఠం చెప్పారు గానీ మూడేళ్ల పాటు ఆ జీతం ముట్టుకోలేదు. ఆ మధ్యలోనే, 1887లో, పెళ్లి అయింది. భార్య అబలా బోసు వైద్యం చదవాలనుకుంటే కలకత్తాలో ఆడపిల్లలను చేర్చుకోక మద్రాసు వచ్చి చదివిన మనిషి. మన జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. తండ్రి చేసిన అప్పులు నెత్తిమీద ఉండగా, కొత్త కాపురం పెట్టి, జీతం ముట్టకుండా మూడేళ్లు గడపడం ఎంత కష్టమో నెల జీతం మీద బతికిన నాలాంటివాడికి బాగా తెలుస్తుంది. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి, మొదటి రోజు నుంచీ లెక్కగట్టి పూర్తి జీతం బకాయితో సహా ఇచ్చింది. ఆ డబ్బుతో ఆయన తండ్రి అప్పులు తీర్చారు.

ప్రయోగశాల సంగతి అంతకన్నా కష్టం. కాలేజీలో ఆయనకు దొరికింది 24 చదరపు అడుగుల చోటు. అంటే ఆరడుగులకు నాలుగడుగులు. మా పోలీస్ స్టేషన్లలో సెట్ పెట్టుకునే గది దానికంటే పెద్దది. పనిముట్లు కొనడానికి డబ్బు లేదు. చదువురాని ఒక రేకు పనివాడిని దగ్గర కూర్చోబెట్టుకుని, పని నేర్పి, కావలసినవన్నీ అతనితోనే చేయించుకున్నారు. 1894లో, ముప్పై ఆరో ఏట, విద్యుదయస్కాంత తరంగాల మీద, అంటే వైర్‌లెస్‌కు ఆధారమైన తరంగాల మీద, పరిశోధన మొదలుపెట్టారు.

అప్పటికి జర్మనీలో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలు నిజంగానే ఉన్నాయని 1887, 88లలో నిరూపించి, 1894 జనవరి 1న చనిపోయారు. ఆయన పనిమీద ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ ఇచ్చిన ఉపన్యాసం చదివి బోసుగారు ఇటు తిరిగారు. హెర్ట్జ్ వాడిన తరంగాల పొడవు అరమీటరుకు పైనుంచి కొన్ని మీటర్ల దాకా ఉండేది. కాంతి, ఈ తరంగాలు ఒకే జాతివని చూపించాలంటే కాంతిలాగే వీటినీ అద్దం మీద వెనక్కి కొట్టించాలి, పట్టకంలో (ప్రిజంలో) వంచాలి, ధ్రువణం చేయాలి, అంటే దాని ఊపును ఒకే దిశకు కట్టడి చేయాలి. అంత పొడవున్న తరంగానికి చాలా పెద్ద పట్టకం కావాలి. ఆరడుగుల గదిలో అది కుదరదు. బోసుగారు తరంగాన్నే కుదించేశారు. 25 మిల్లీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల దాకా దించారు. నా సర్వీసులో నేను వాడిన వీహెచ్‌ఎఫ్ (దగ్గరి దూరాలకు వాడే వైర్‌లెస్) సెట్ తరంగం పొడవు సుమారు రెండు మీటర్లు. దానిలో నాలుగు వందలో వంతు తరంగాన్ని ఆయన 1890లలోనే పుట్టించి, పట్టుకుని, కొలిచారు. తరంగం చిన్నదయ్యేసరికి పరికరాలన్నీ బల్ల మీదికి వచ్చేశాయి. తరంగాన్ని దారి తప్పకుండా నడిపించే లోహపు గొట్టం, దాన్ని పోగుచేసే గరాటు, గంధకపు కటకం, అన్నీ ఆ గదిలోనే తయారయ్యాయి. ఆ గొట్టాన్ని ఇప్పుడు వేవ్‌గైడ్ అంటున్నాం, ఆ గరాటును హార్న్ యాంటెన్నా అంటున్నాం.

ధ్రువణానికి ఆయన వాడినవి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. రైళ్ల టైమ్‌టేబుల్ పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి దాన్నే ధ్రువణకారిగా వాడారు. తరంగం ఊపు పేజీల వెంట ఉందా, అడ్డంగా ఉందా అన్నదాన్ని బట్టి అది దాటుతుంది, లేకపోతే ఆగిపోతుంది.

ఇక జనపనార. పంపే వైపు, అందుకునే వైపు ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెడితే తరంగం అందదు. ఆ మధ్యలో పురి పెట్టిన జనపనార కట్టను ఉంచారు బోసుగారు. అవతల మళ్లీ తరంగం అందింది. అంటే పురి దాని ఊపు దిశను తిప్పేసింది. కుడి పురి పెట్టిన కట్ట ఒకవైపు తిప్పితే, ఎడమ పురి కట్ట రెండోవైపు తిప్పింది. పంచదార నీళ్లలోంచి వెళ్లే కాంతి ఎందుకు తిరుగుతుందో, ఆ అణువుల నిర్మాణంలో మెలిక ఎలా ఉండి ఉండాలో చెప్పడానికి ఆయన ఈ నమూనా కట్టారు. 1898లో లండన్ రాయల్ సొసైటీ దాన్ని అచ్చువేసింది. మెలి తిరిగిన నిర్మాణాల మీద నేడు ప్రపంచంలో ఎన్నో చోట్ల పరిశోధన జరుగుతోంది. దానికి మొదట్లో ఉన్నది బెంగాలు పొలంలో పండిన నార.

మా నాన్న ఇంట్లో తరచూ పురి మాటలే చెప్పేవాడు. పురి తక్కువైతే దారం తెగిపోతుందని, ఎక్కువైతే మెలిపడుతుందని, చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుందని. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు మిల్లుల చుట్టూ బతికిన కుటుంబాలు మన దగ్గర వేలల్లో ఉన్నాయి. గోగునార ఊరబెట్టి, వలిచి, ఎండబెట్టిన రైతులు ఇంకెందరో. వీళ్ల పిల్లలు చదివే సైన్స్ పుస్తకంలో ఈ ప్రయోగం లేకపోవడం నాకు బాధగా ఉంది.

1895లో కలకత్తా టౌన్ హాలులో బోసుగారు అందరి ముందు చేసి చూపించారు. ఒకచోట పుట్టిన తరంగం గోడలు దాటి, సుమారు 75 అడుగుల దూరంలో గంట మోగించింది, మందుగుండు పేల్చింది. 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యాసం ఇచ్చి అక్కడి పెద్దలను మెప్పించారు. చెప్పినదాన్ని దాచుకోలేదు. పరికరం ఎలా చేయాలో విప్పి చూపించారు.

ఇప్పుడు మార్కోనితో లంకె ఎక్కడ పడిందో చెప్పాలి. ఆ కాలంలో తరంగాన్ని పసిగట్టే సాధనం కొహీరర్. గాజు గొట్టంలో వదులుగా పోసిన లోహపు పొడి. తరంగం తగిలితే ఆ పొడి అతుక్కుని కరెంటును పోనిస్తుంది. కానీ ఒకసారి అతుక్కున్నాక దాన్ని తట్టి విడదీస్తే తప్ప రెండో సంకేతం తెలియదు. చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే మోర్స్ సంకేతాల దగ్గర కూర్చున్నవాడికి ఇది ఎంత చిక్కో అర్థమవుతుంది. నేను చేరిన కొత్తలో రాష్ట్ర కేంద్రానికి హెచ్‌ఎఫ్ (దూరాలకు అందే వైర్‌లెస్) సెట్ మీద మోర్స్‌లోనే పంపేవాళ్లం. 'డి డి డిట్' అని మూడు చుక్కలు కొడితే ఒక ఎస్ అక్షరం. ఒక్కో చుక్కకూ అవతల గొట్టాన్ని తట్టుకుంటూ కూర్చుంటే సందేశం ఎప్పటికి పూర్తి కావాలి? 1899లో బోసుగారు రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో తనంతట తానే తిరిగి సిద్ధమయ్యే కొహీరర్‌ను వివరించారు. అందులో ఇనుము, పాదరసం వాడి, టెలిఫోన్ చెవికి పెట్టుకుని విన్నారు.

1901 డిసెంబరు 12న మార్కోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కూర్చుని, అట్లాంటిక్ అవతల ఇంగ్లండులోని పోల్డూ నుంచి వచ్చిన ఎస్ అక్షరాన్ని విన్నానని ప్రకటించారు. ఆయన చెవికి టెలిఫోన్ పెట్టుకుని విన్న సాధనం పేరు ఇటాలియన్ నేవీ కొహీరర్. అందులోనూ పాదరసమే. నౌకాదళ అధికారి, స్నేహితుడు అయిన సొలారి దాన్ని ఆయనకు ఇచ్చాడు. దాని మూలం బోసుగారి 1899 పత్రంలో ఉందని ప్రబీర్ బందోపాధ్యాయ్ అనే ఇంజనీరు 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పత్రికలో సాక్ష్యాలతో సహా రాశారు. వాట్సాప్ సందేశంలో నిజం ఇంతవరకే ఉంది.

అందరూ చదువుకోమని అచ్చువేసినదాన్ని ఒకరు వాడుకుంటే దొంగతనం అనకూడదు. వాడుకున్నప్పుడు ఎవరి నుంచి వచ్చిందో చెప్పాలి, అది చెప్పలేదు. నా అభ్యంతరం అక్కడే. మార్కోని చేసిన పని ఆయనదే. ఎత్తయిన యాంటెన్నా, భూమికి కలిపిన తీగ, పొడవైన తరంగం, ఓడలకు సెట్లు, వాటికి ఆపరేటర్లు, ఇదంతా ఒక వ్యవస్థగా నిలబెట్టినవాడు ఆయన. 1912లో టైటానిక్ మునుగుతున్నప్పుడు ఆఖరి నిమిషాల దాకా కీ వదలకుండా కబురు పంపిన జాక్ ఫిలిప్స్ మార్కోని కంపెనీ ఆపరేటరే. ఆ కబురు అందుకున్న కార్పేథియా ఓడ వచ్చి ఏడు వందల మందికి పైగా కాపాడింది. ఫిలిప్స్ మాత్రం బతకలేదు. ఆ పేరు తలచుకోని వైర్‌లెస్ ఆపరేటర్ ఉండకూడదని నా నమ్మకం. 1909 నోబెల్ కూడా మార్కోని ఒక్కరికే ఇవ్వలేదు, జర్మనీకి చెందిన బ్రౌన్‌తో కలిపి ఇచ్చారు. రష్యాలో పొపోవ్, అమెరికాలో టెస్లా, ఇంగ్లండులో లాడ్జ్ తలా ఒక పక్క నుంచి ఈ పనిలో చేయి వేసినవాళ్లే. అందుకే ఒక్క పేరుతో జవాబు వేయకండి అంటున్నాను.

బోసుగారు వెళ్లిన దారి వేరు. సముద్రం దాటించాలంటే పొడవైన తరంగం కావాలి, ఆయనది చిన్నది. మిల్లీమీటరు తరంగం గట్టి వాన పడితేనే బలహీనపడిపోతుంది, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. పాచిపెంట, సీతంపేట కొండల్లో సెట్ పట్టుకుని తిరిగిన మాకు, రెండు మీటర్ల తరంగంతోనే కొండ వెనక్కి వెళ్తే కంట్రోల్ రూమ్ అందేది కాదు. రిపీటర్ (సంకేతాన్ని అందుకుని మళ్లీ పంపే కేంద్రం) ఉన్న వైపు కనబడేదాకా ఎక్కి పిలవాల్సి వచ్చేది. కాబట్టి దూరపు కబుర్ల పోటీలో బోసుగారిని నిలబెట్టి ఓడిపోయారనడం తప్పు. ఆయన అందులో దిగనే లేదు.

డబ్బు విషయంలోనూ అంతే. 1901లో లండన్‌లో ఉండగా ఒక టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని వచ్చి, ఉపన్యాసంలో అన్నీ బయటపెట్టవద్దని, పేటెంటు తీసుకుంటే లాభంలో వాటా ఇస్తానని బతిమాలాడు. ఒప్పుకోలేదు. ఆ సంగతి రవీంద్రనాథ్ ఠాగూర్‌కు ఉత్తరంలో రాసుకుని, ఆ దేశంలో డబ్బు మీద ఉన్న ఆశ చూసి బాధపడ్డారు. వివేకానందుని శిష్యురాలు సోదరి నివేదిత, వాళ్ల అమెరికన్ స్నేహితురాలు సారా బుల్ పట్టుపట్టడంతో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1904 మార్చి 29న అమెరికాలో మంజూరైంది, నంబరు 755,840. గెలీనా అనే సీసపు ఖనిజం స్ఫటికంతో తరంగాన్ని పసిగట్టే సాధనం అది. అర్ధవాహక (సెమీకండక్టర్) పరికరాల్లో పేటెంటు పొందిన తొలి వాటిలో ఒకటి. దాని మీద ఆయన ఒక్క రూపాయి ఆశించలేదు. నోబెల్ పొందిన భౌతికశాస్త్రవేత్త నెవిల్ మాట్ చాలా కాలం తర్వాత, బోసు తన కాలానికి కనీసం అరవై ఏళ్లు ముందున్నాడని అన్నారు.

ఆ తర్వాత ఆయన మొక్కల వైపు మళ్లారు. 'మొక్కలకు ప్రాణముందని నిరూపించినవాడు' అని బడుల్లో చెప్పే వాక్యం కూడా సరి కాదు. మొక్కకు ప్రాణముందని ప్రతి రైతుకూ తెలుసు. తాకినా, వేడి తగిలినా, మందు పడినా మొక్క ఎలా స్పందిస్తుందో అతి సూక్ష్మంగా కొలిచే పరికరాలు చేసి చూపించారాయన. 1917 నవంబరు 30న కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు.

ఇదంతా పాత చరిత్ర అనుకునేవారికి రెండు సంగతులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను విజయనగరంలో డ్యూటీలో ఉన్నాను. కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. భోగాపురం, పూసపాటిరేగ తీరం నుంచి ఎక్కడ చెట్లు పడ్డాయి, ఎవరి ఇల్లు కూలింది, ఎక్కడికి బియ్యం, నీళ్లు కావాలి అన్నది బ్యాటరీ మీద నడిచే సెట్లలోనే విన్నాం. గొంతు బొంగురుపోయేదాకా 'ఓవర్, ఓవర్' అంటూనే ఉన్నాం. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసినప్పుడు కూడా సెల్ సిగ్నల్ లేక జనం అల్లాడిపోయారు. అలాంటి రోజున నిలబడే విద్య ఇది. దీన్ని నేర్చుకునే పిల్లలు మన జిల్లాల నుంచి రావాలి. రెండో సంగతి: 2022లో మన ప్రభుత్వం 5జీ కోసం వేలం వేసిన వాటిలో 26 గిగాహెర్ట్జ్ బ్యాండు కూడా ఉంది. దాని తరంగం సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు. బోసుగారు ఆ గదిలో ఆడించిన పరిధిలోనిదే. ఆయన 5 మిల్లీమీటర్ల తరంగమంటే 60 గిగాహెర్ట్జ్, ఇప్పటి ఇంజనీర్లు పనిచేస్తున్న చోటు.

మా పక్క హైస్కూలు పిల్లలకు కొహీరర్ చేసి చూపించాను. పారదర్శకంగా ఉండే పెన్ను గొట్టం, రెండు మేకులు, వాటి మధ్య లేత్ షాపులో రాలిన ఇనుప రజను, రెండు పెన్సిల్ సెల్లు, ఒక ఎల్‌ఈడీ. గ్యాస్ స్టవ్ లైటర్ దగ్గరగా నొక్కితే వెలుగుతుంది, గొట్టాన్ని వేలితో తడితే ఆరిపోతుంది. రజను ఎక్కువ బిగిస్తే ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి వదులుగా పోయాలి. ఒక పిల్ల, "తాతగారూ, లైటర్ ఆడ నొక్కితే బల్బు ఈడెలగెలిగింది?" అని అడిగింది. నాన్న ప్రశ్నే అది. ఈసారి చెప్పగలిగాను.

నా విన్నపాలు ఇవి. మీ పోటీ పరీక్షల పేజీలో ఆ ప్రశ్నకు జవాబును మార్చి వేయండి: తరంగాన్ని చూపింది హెర్ట్జ్, మిల్లీమీటరు తరంగాన్నీ స్ఫటిక గ్రాహకాన్నీ ఇచ్చింది బోసు, దూరాలు దాటించింది మార్కోని అని. నవంబరు 30న పిల్లల పేజీ మొత్తం బోసుగారి ప్రయోగాలకు కేటాయించండి. మన రెండు జిల్లాల్లోని ఇంజనీరింగ్ కాలేజీల వారికి మీ ద్వారా ఒక మాట: మీ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) విభాగాల్లో మైక్రోవేవ్ బెంచ్, అంటే చిన్న తరంగాలతో ప్రయోగాలు చేసే పరికరాల బల్ల, ఉంటుంది. దాని తరంగం సుమారు 3 సెంటీమీటర్లు, బోసుగారి 25 మిల్లీమీటర్లకు చాలా దగ్గర. ఆ ఒక్కరోజు దగ్గరలోని హైస్కూలు పిల్లలను పిలవండి. రెండు హార్న్‌లను అడ్డంగా తిప్పి మీటరును సున్నాకు తెచ్చి, మధ్యలో పురి పెట్టిన జనపనార కట్ట ఉంచండి. ముల్లు ఎంత కదిలిందో, పురి మారిస్తే ఏమైందో పిల్లలే చూసి రాసుకుంటారు. కట్ట పొడవు, పురి బిగువు మార్చి మార్చి చూడాలి, ఒక్కసారికే కుదరకపోవచ్చు.

నార నేను తెస్తాను. పురి పెట్టడానికి మిల్లులో పనిచేసి రిటైరైనవాళ్లు మా వీధిలో ఉన్నారు, అడిగాను, వస్తామన్నారు. నెల్లిమర్ల, డెంకాడ, గుర్ల మండలాల ఏ బడి వాళ్లయినా కబురు చేస్తే పెన్ను గొట్టం, లైటర్ పట్టుకుని సైకిలు మీద వస్తాను. మిగతా మండలాల వాళ్లు బస్సు ఉన్న వేళ చెప్పాలి.

భవదీయుడు,
విశ్రాంత పోలీసు వైర్‌లెస్ ఆపరేటర్,
నెల్లిమర్ల, విజయనగరం జిల్లా
(పేరు, చిరునామా పత్రికకు విడిగా తెలిపాను)